జి.డి. నాయుడు

తమిళనాడులో కోయంబత్తూరుకు సమీపాన కలంగల్ అనే పల్లె ఉంది. 1893 వ సంవత్సరం మార్చి 23 వ తేదీన ఆ ఊరిలో ఒక తెలుగు రైతు కుటుంబంలో దొరస్వామి జన్మించాడు. తండ్రి పేరు గోపాలస్వామి నాయుడు. గోపాలస్వామి దొరస్వామి నాయుడు అనే ఆ నిండు పేరే తరువాతి కాలంలో జి.డి. నాయుడుగా దేశమంతటా తెలిసింది. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాతను ఆంధ్రదేశం నుండి తమిళదేశానికి తరలివచ్చి, ఇక్కడి నేలను సాగుచేసుకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలకొలది ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం వారికి అలవాటు. దొరస్వామి కూడా అట్లాగే పెరిగాడు.

ఊహ తెలియని వయసులోనే తల్లి చనిపోయింది. పిల్లవాడిని మేనమామ తన ఊరైన లక్ష్మీనాయకన్‌పాళయానికి తీసుకొనిపోయి పెంచాడు. తల్లి లేని బిడ్డ అనే జాలితో ఇంట్లోవారు గారాబం చేశారు. బడికి పంపితే అతడికి చదువు రుచించలేదు. ఆ రోజులలో పల్లెబడి అంటే ఇసుకలో అక్షరాలు దిద్దడం, ఎక్కాలు వల్లె వేయడం, తప్పు పోతే బెత్తం దెబ్బలు తినడం. ఒకనాడు కోపం పట్టలేక ఉపాధ్యాయుని ముఖాన ఇసుక చల్లి పారిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడో తరగతితోనే ఆ చదువు ముగిసింది. గొప్పవారి జీవితాలలో ఇటువంటి సంఘటనలు వినడానికి ముచ్చటగానే ఉంటాయి. కాని అదే పని చేసి బడి మానిన పిల్లలు ఆ రోజులలో వేలమంది ఉండి ఉంటారు. వారి పేర్లు ఏ పుస్తకంలోను కనిపించవు.

బడి మానిన దొరస్వామిని పొలం పనులలో పెట్టారు. పగలు పొలంలో పని, రాత్రి తోటకు కావలి. ఆ కావలి గుడిసెలో దీపం పెట్టుకొని దొరికిన తమిళ పుస్తకాలు చదివేవాడు. బడి అంటే పడని పిల్లవాడు పుస్తకాన్ని వదలలేదన్న సంగతి గమనించదగినది. వినడానికి ఇది వింతగా ఉంటుంది. ఎవరో చెప్పినది వల్లె వేయడం అతడికి కష్టం. తనకు కావలసినది తాను వెదకి తెలుసుకోవడం ఇష్టం. ఈ స్వభావం చివరిదాకా మారలేదు.

అతడికి ఇరవై ఏళ్ళు రావస్తున్నప్పుడు ఆ పల్లెకు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు. ఒక ఇనుప బండి తనంతట తాను చప్పుడు చేసుకుంటూ పరుగెత్తి వస్తున్నది. అది రడ్జ్ అనే ఇంగ్లీషు కంపెనీవారు చేసిన బండి. ఊరి జనం భయంతో దూరంగా నిలబడ్డారు. దొరస్వామి మాత్రం దగ్గరకు పోయాడు. బండి ఏదో మొరాయించి ఆగితే ఆ అధికారి కిందకు దిగి మరమ్మత్తు చేసుకోసాగాడు. కావలసిన చిన్న చిన్న వస్తువులు తెచ్చి ఇస్తూ దొరస్వామి ఆ పనినంతా కళ్ళప్పగించి చూశాడు. బండి మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది. చూసినవారు చూసి మరచిపోయారు. దొరస్వామికి మాత్రం ఆ బండి లోపల ఏముందో తెలుసుకోవాలన్న కోరిక నిలిచిపోయింది.

కోరిక తీరాలంటే డబ్బు కావాలి. ఇంట్లో అడిగితే వచ్చే డబ్బు కాదది. అతడు ఊరు విడిచి కోయంబత్తూరు చేరాడు. అక్కడ ఒక హోటలులో వడ్డించే పనికి కుదిరాడు. ఎంగిలి ఆకులు ఎత్తడం, బల్లలు తుడవడం, నీళ్ళు పెట్టడం. పొలం, ఇల్లు గల రైతు బిడ్డ ఈ పని చేయడమా అని బంధువులు చిన్నబుచ్చుకొని ఉంటారు. ఏ పనినైనా హీనమైనదని తలచని గుణం అతడిలో అప్పుడే ఉంది. మూడేళ్ళపాటు పైసా పైసా కూడబెట్టి దాదాపు 300 రూపాయలు చేర్చాడు. ఆనాటికి అది పెద్ద మొత్తమే. ఆ డబ్బుతో ఆ మోటారు సైకిలునే కొన్నాడు.

బండి కొన్నవాడు ఎవడైనా దాని మీద ఎక్కి తిరుగుతాడు. దొరస్వామి మొదట దానిని విప్పాడు. మరలు, గొట్టాలు, పళ్ళచక్రాలు అన్నీ నేల మీద పరచుకొని ఒక్కొక్కటి ఏ పని చేస్తుందో చూశాడు. మళ్ళీ బిగించాడు. మళ్ళీ విప్పాడు. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి సిలిండరులోకి వస్తుంది. నిప్పురవ్వ తగిలి మండుతుంది. ఆ మంట బలానికి పిస్టను కిందికి దిగుతుంది. ఆ కదలికే చక్రాన్ని తిప్పుతుంది. ఇంజనీరింగు కళాశాలలో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పే ఈ పాఠాన్ని అతడు నూనె అంటిన చేతులతో నేర్చుకున్నాడు. ఏ భాగం చెడితే బండి ఎట్లా ఆగుతుందో తెలిసింది. కొద్దికాలంలోనే మెకానిక్ అన్న పేరు వచ్చింది.

ఆ వెంటనే అంతా సవ్యంగా జరిగిందనుకోకూడదు. అతడు యంత్రాలను వదలి పత్తి వ్యాపారంలోకి దిగాడు. తిరుపూరులో పత్తి యంత్రాలు నడిపాడు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ధరలు పెరిగి మంచి లాభం వచ్చింది. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్ళి పెద్ద ఎత్తున వ్యాపారం చేశాడు. అక్కడి మార్కెటు ఎత్తుపల్లాలు అతడికి తెలియవు. సంపాదించినదంతా పోగొట్టుకొని కోయంబత్తూరుకు తిరిగివచ్చాడు. తనకు చేతనైన పని ఏదో, కానిది ఏదో తెలుసుకోవడానికి ఆయన చెల్లించిన రుసుము అది. ఏ కళాశాల రుసుము కంటెను అది ఎక్కువే.

అప్పటికి కోయంబత్తూరులో సర్ రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయుడు పేరుపొందిన వర్తకుడు. కాఫీ, నూలు మిల్లు వ్యాపారాలతో బాటు 1862 లో ఆ ఊరిలో ఒక పాఠశాలను కూడా స్థాపించినవాడు. నాయుడు గారి పనితనం చూసి స్టేన్స్ ఆయనను ఆదరించాడు. ఇక మీద ఒకరి కింద ఉద్యోగం చేయడం కంటె సొంతంగా బస్సు నడుపుకోవడం మేలని ప్రోత్సహించి, డబ్బు సాయం కూడా చేశాడు. 1920 లో నాయుడు గారు ఒక బస్సు కొన్నారు. పొల్లాచి నుండి పళనికి దానిని తానే స్వయంగా నడిపారు. డ్రైవరు ఆయనే, మెకానిక్ ఆయనే. పళని కొండకు పోయే యాత్రికులకు అంతదాకా ఎద్దుబండ్లే గతి. ఒక్క బస్సుతో మొదలైన ఆ సంస్థ కొన్నేళ్ళలోనే యు.ఎం.ఎస్. అనే పేరుతో కోయంబత్తూరు ప్రాంతమంతటా వ్యాపించింది. దేశంలో చక్కగా నడిచే బస్సు సంస్థలలో అది ఒకటని పేరు తెచ్చుకుంది.

ఆనాడు బస్సులు, వాటి విడిభాగాలు అన్నీ విదేశాల నుండి ఓడలలో రావలసినవే. దారిలో ఒక బస్సు ఆగిపోతే, చెడిన భాగం సీమ నుండి వచ్చేదాకా కూర్చుంటే వ్యాపారం సాగదు. కాబట్టి బస్సులున్న చోట వర్క్‌షాపు ఉండక తప్పదు. అక్కడ లేత్ యంత్రం మీద ఇనుము కోయగలవారు, అతుకు వేయగలవారు, ఇంజను విప్పి బిగించగలవారు కావాలి. అటువంటివారిని తయారుచేసే బడి ఆ చుట్టుపక్కల లేదు. పల్లెల నుండి వచ్చిన కుర్రవాళ్ళు పెద్ద పనివాళ్ళ పక్కన నిలబడి, స్పానర్ అందిస్తూ, చూసి చూసి నేర్చుకోవాలి. బాగా చేసే పనివాళ్ళు ఎందరో ఉన్నా, తాము చేసేది ఎందుకు అట్లా చేస్తున్నారో చెప్పగలిగినవారు తక్కువ. మరో వైపు కళాశాలలో చదివి వచ్చినవారు ఎందుకో చెప్పగలరు కాని చేతితో చేసి చూపలేరు. ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీని నాయుడు గారు తన వర్క్‌షాపులోనే చూశారు. తరువాత ఆయన చేసిన పనులన్నిటికి మూలం అక్కడే ఉందనిపిస్తుంది.

1930 తరువాత ఆయన ఐరోపా దేశాలు తిరిగి వచ్చారు. జర్మనీలో యంత్రాల తయారీని శ్రద్ధగా చూశారు. ఆ దేశంలో కుర్రవాడు కార్ఖానాలో పని నేర్చుకుంటూనే వారంలో కొన్ని గంటలు బడికి పోయి లెక్కలు, గీతలు నేర్చుకునే ఏర్పాటు ఎంతో కాలంగా ఉంది. పని నేర్చినవాడికి అక్కడ పరీక్ష ఉంది, పట్టా ఉంది, సమాజంలో గౌరవం ఉంది. నాయుడు గారికి కెమెరా అంటే కూడా ప్రీతి. 1936 లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను ఆయన స్వయంగా చలనచిత్రంగా తీశారు. గాంధీజీని, నెహ్రూను, సుభాష్ చంద్రబోసును కూడా తన కెమెరాలో బంధించారు.

ఈలోగా కోయంబత్తూరులో ఒక పెద్ద మార్పు వచ్చింది. నీలగిరి కొండలలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుండి 1930 ల మొదట్లో ఈ ప్రాంతానికి కరెంటు వచ్చింది. నూలు మిల్లులు వరుసగా లేచాయి. కోయంబత్తూరు సీమ వాన తక్కువ గల నేల. రైతు బావి మీద బతకాలి. లోతు బావి నుండి ఎద్దులతో కపిల తోలి నీరు పైకి తేవడమంటే మనిషికి, పశువుకు కూడా నడుము విరిగే పని. కరెంటు మోటారు ఉంటే ఆ బాధ తీరుతుంది. కాని మోటార్లు విదేశాల నుండి రావాలి. వాటి ధర చిన్న రైతుకు అందదు. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి పనిచేసి 1937 లో పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి కరెంటు మోటారుగా దానిని చెబుతారు. నేడు కోయంబత్తూరు పంపుసెట్టు ఎరగని రైతు దక్షిణదేశంలో లేడు. ధర్మపురి, కృష్ణగిరి బావుల మీద కూడా ఆ ఊరి మోటార్లు కనిపిస్తాయి.

పీలమేడులో ఇటువంటి పని జరగడం ఆకస్మికం కాదు. అక్కడి మరో తెలుగు కుటుంబం, పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి కుమారులు, 1926 లో తమ ఆస్తిలో ఒక భాగాన్ని ధర్మానికి విడిచి పి.ఎస్.జి. అండ్ సన్స్ ధర్మసంస్థను నెలకొల్పారు. ఆ సంస్థ పారిశ్రామిక శిక్షణాలయంలో విద్యార్థులు వస్తువులు తయారుచేస్తూనే పని నేర్చుకునేవారు. 1939 లో అక్కడ పాలిటెక్నిక్ కూడా వచ్చింది. దున్నుకొని బతకడానికి వచ్చిన కుటుంబాలు రెండు మూడు వందల ఏళ్ళ తరువాత యంత్రవిద్యకు బళ్ళు కట్టాయి.

నాయుడు గారు కనిపెట్టినవి చాలా ఉన్నాయి. బ్యాటరీతో నడిచే రసాంత్ అనే చిన్న క్షౌరయంత్రం, పలుచని బ్లేడు, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి వీలులేని ఓట్ల యంత్రం అందులో కొన్ని. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని 1941 లో ప్రకటించారు. వీటి జాబితా ఎంత పెంచినా ఆయన జీవితంలోని ముఖ్యమైన ఘట్టం అందులోకి రాదు. అది 1945 లో జరిగింది.

1944 లో నాయుడు గారు తన మోటారు వ్యాపారం బాధ్యతల నుండి తప్పుకున్నారు. పనివారి సంక్షేమానికి, పరిశోధన చేసే విద్యార్థులకు విరాళాలు ప్రకటించారు. ఆయన పూనికతో, విరాళంతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. 1945 లో ఆ కళాశాలకు నాయుడు గారే ప్రిన్సిపాల్ అయ్యారు. మూడో తరగతితో బడి మానిన వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతి కావడం మన దేశంలో మరెక్కడా వినలేదు. ఉపాధ్యాయులకు పట్టాలున్నాయి. విద్యార్థులు పట్టా కోసం వచ్చారు. వారందరి మీద ఉన్న పెద్దకు పట్టా లేదు.

ఆయన కుర్చీలో కూర్చొని సంతకాలు పెట్టి ఊరుకోలేదు. చదువు తీరునే ప్రశ్నించారు. ఇంజనీరింగు కోర్సుకు నాలుగేళ్ళు ఎందుకని ఆయన ప్రశ్న. అది విద్యార్థుల కాలాన్ని వృథా చేయడమేనని, సరిగా చెబితే రెండేళ్ళు చాలునని ఆయన వాదించారు. ఒకే రోజు రెండు వేర్వేరు పూటలలో తరగతులు నడపవచ్చునని కూడా సూచించారు. ఈ సూచనలోని లెక్కను చూడాలి. ఒక పూట వందమంది కూర్చోగల కళాశాల ఉన్నదనుకుందాం. నాలుగేళ్ళ కోర్సు అయితే ఏటా పాతికమందికే చోటు. రెండేళ్ళ కోర్సు అయితే యాభైమందికి చోటు. అదే కట్టడంలో రెండు పూటలు నడిపితే నూరుమందికి చోటు. ఒక్క ఇటుక కూడా అదనంగా పేర్చకుండా నాలుగింతల మందిని తయారుచేయవచ్చు. దేశం స్వాతంత్ర్యపు గడప మీద ఉంది. ఆనకట్టలు, కర్మాగారాలు, రోడ్లు అన్నీ కట్టుకోవలసిన సమయం. ఇంజనీర్లు కొద్దిమందే ఉన్నారు.

ఇంకొక లెక్క పేదవారి ఇంటిది. నాలుగేళ్ళు కొడుకును చదివించడమంటే రుసుము, హాస్టలు ఖర్చు మాత్రమే కాదు. ఆ నాలుగేళ్ళు అతడు సంపాదించగలిగిన కూలి కూడా ఇంటికి రాదు. కలిగినవారు దీనిని లెక్కచేయరు. రెండెకరాల మెట్ట రైతుకు అది ఆడపిల్ల పెళ్ళో, ఎద్దుల జతో అవుతుంది. హోటలులో వడ్డించి డబ్బు కూడబెట్టిన మనిషికి ఈ లెక్క ఎవరూ నేర్పవలసిన పని లేదు.

ఆంగ్లేయ ప్రభుత్వం ఆయన సూచనను అంగీకరించలేదు. నాయుడు గారు ప్రిన్సిపాల్ పదవికి రాజీనామా ఇచ్చారు. తన డబ్బు పోసి కట్టిన కళాశాలను ఆయన విడిచిపెట్టి బయటికి వచ్చారు.

ఈ తగవులో న్యాయం ఎవరి వైపు ఉంది? ఒక్క మాటలో తేల్చడం కష్టం. మోటారు సైకిలును విప్పి నేర్చుకోవచ్చు. విప్పినది తప్పయితే మళ్ళీ బిగించవచ్చు. నది మీద వంతెనను అట్లా విప్పి చూడడానికి వీలు లేదు. దాని మీద వేయి మంది నడవక ముందే అది ఎంత బరువు మోయగలదో కాగితం మీద లెక్క తేలాలి. ఆ లెక్కకు గణితం, భౌతికశాస్త్రం లోతుగా కావాలి. వాటికి సమయం పడుతుంది. నాయుడు గారికి ఉన్నంత పట్టుదల, చురుకుదనం ప్రతి విద్యార్థికీ ఉండవు. తనకు రెండు నెలలలో వచ్చినది అందరికీ రెండు నెలలలో రావాలని అనుకోవడం తెలివైనవారు తరచుగా చేసే పొరపాటు. పైగా ప్రభుత్వోద్యోగం కావాలన్నా, పై చదువుకు పోవాలన్నా విశ్వవిద్యాలయం ఒప్పుకున్న పట్టా ఉండాలి. రెండేళ్ళ చదువుకు ఆ విలువ ఇవ్వకపోతే నష్టపోయేది విద్యార్థే. ఇది ఒక వైపు. రెండో వైపు, పుస్తకంలో ఉన్నదానిని పరీక్షలో రాసి, యంత్రాన్ని తాకకుండానే పట్టా పుచ్చుకొని పోయేవారు ఆనాడు ఉన్నారు, తరువాతా ఉన్నారు. ఆ సంగతి నాయుడు గారు సరిగానే పట్టుకున్నారు.

ఇక్కడ మరొక తెలుగువారిని తలచుకోవాలి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం నుండి మైసూరు రాజ్యానికి వలస వెళ్ళారు. ఆయన బెంగుళూరులో బి.ఏ. చదివి, పూనాలో ఇంజనీరింగు చదివి, పరీక్షలలో అగ్రస్థానాన నిలిచారు. చదువు నిచ్చెన మెట్లన్నీ వరుసగా ఎక్కినవారు ఆయన. మైసూరు దివానుగా ఉండగా 1917 లో బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పారు. కాని దానితో ఆగలేదు. తన ముదిమిలో, 1943 లో, చేతిపనులు నేర్పే వృత్తివిద్యాలయం బెంగుళూరులో ఏర్పడడానికి కారకులయ్యారు. పట్టాలతో పైకి వచ్చినవారు వృత్తివిద్యకు బడి పెట్టించారు. వృత్తితో పైకి వచ్చినవారు ఇంజనీరింగు కళాశాలకు డబ్బు ఇచ్చారు. విశ్వేశ్వరయ్య గారు కోయంబత్తూరు వచ్చి నాయుడు గారి తోటను చూసి వెళ్ళారు.

వృత్తివిద్య అనగానే మన రాష్ట్రంలో కొందరు ముఖం చిట్లించడానికి ఒక కారణం ఉంది. 1953 లో మద్రాసు రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాలలను ఒక పూటకు కుదించి, మిగిలిన సమయంలో పిల్లలు తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకోవాలనే పథకం వచ్చింది. చాకలి బిడ్డ చాకలిగానే, కుమ్మరి బిడ్డ కుమ్మరిగానే ఉండిపోవాలా అని ప్రజలు గట్టిగా ఎదిరించారు. 1954 లో ఆ పథకం రద్దయింది. పుట్టుకతో తలకెత్తే వృత్తి వేరు, తాను కోరి నేర్చుకునే వృత్తి వేరు. నాగలి పట్టవలసిన ఇంట పుట్టిన దొరస్వామి స్పానర్ పట్టడం ఈ రెండో రకంలోనిది.

నాయుడు గారి బాల్యంలో బడికి, కార్ఖానాకు నడుమ వంతెన లేదు. ఒకసారి బడి మానితే మళ్ళీ చదువులోకి రావడానికి దారి లేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆ వంతెనలు ఒక్కొక్కటిగా ఏర్పడ్డాయి. 1950 లో కేంద్ర ప్రభుత్వం వృత్తి శిక్షణ పథకాన్ని ప్రారంభించింది. ఐ.టి.ఐ.లు దాని కింద వచ్చినవే. 1961 లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. కార్ఖానాలో భృతి పొందుతూ పని నేర్చుకోవడానికి అది వీలు కల్పించింది. నేడు ధర్మపురి జిల్లాలోని కడత్తూరు వంటి ఊళ్ళలో పదో తరగతి ముగించిన పిల్లల ఇళ్ళలో ఏటా వేసవిలో ఒకే చర్చ జరుగుతుంది. పదకొండో తరగతిలో చేర్చాలా, పాలిటెక్నిక్‌కు పంపాలా, ఐ.టి.ఐ.కి పంపాలా అని. హోసూరు కర్మాగారాలలో పనిచేసే బంధువు ఒక మాట చెబుతాడు. బడిపంతులు మరొకటి చెబుతారు. ఒకదానిలో చేరితే మరొకటి శాశ్వతంగా మూసుకుపోతుందన్న భయం పెద్దలలో ఉంటుంది. ఆ భయం ఒకప్పుడు నిజమే. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా పొందినవారు ఇంజనీరింగు పట్టా కోర్సులో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఐ.టి.ఐ. ముగించినవారికి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చోటు ఉంది. పనిచేస్తూ ముందుకు పోయేవాడికి నిచ్చెన ఉంది. దానిని ఎక్కడానికి గణితం మీద పట్టు కావాలి. అది లేక నడుమ జారిపోయేవారు ఉన్నారు.

రాజీనామా తరువాత నాయుడు గారు ఖాళీగా కూర్చోలేదు. తోటలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటల మీద ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్ కూడా ఆ తోటను చూడవచ్చారు. 1952 లో ఇద్దరు కూర్చోగల చిన్న పెట్రోలు కారును తయారుచేశారు. దాని ధర 2,000 రూపాయలు. మధ్యతరగతి కుటుంబం కొనగలిగిన కారు అది. కాని ఆ కాలంలో పరిశ్రమ నడపాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. లైసెన్సు రాలేదు. తయారీ నిలిచిపోయింది. స్వదేశీ ప్రభుత్వం వచ్చినా తన పనులకు అడ్డంకులు తొలగలేదని ఆయన ఎంతో బాధపడ్డారు.

1967 లో కోయంబత్తూరులో జి.డి. నాయుడు పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడింది. యంత్రాలను, పరికరాలను బడిపిల్లలు దగ్గర నుండి చూసి తెలుసుకునే వీలు అక్కడ కలిగింది. ఆయన కుటుంబంవారు 2015 లో పాతకాలపు కార్ల మ్యూజియం ఒకటి కూడా అక్కడ తెరిచారు. వేసవి సెలవులలో దూరపు జిల్లాల పాఠశాలలవారు బస్సులు కట్టుకొని వచ్చి వాటిని చూస్తుంటారు.

1974 జనవరి 4 వ తేదీన నాయుడు గారు తన 80 ఏళ్ళ వయసులో మరణించారు. ఆయన ప్రిన్సిపాల్‌గా ఉన్న కళాశాల పీలమేడు వదలి తడాగం రోడ్డులోని కొత్త కట్టడాలకు మారి, ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. నాలుగేళ్ళ కోర్సులు అక్కడ నడుస్తున్నాయి. అక్కడి విద్యార్థుల హాస్టలు ఆయన దానమే. అవినాశి రోడ్డు మీద పాత కళాశాల ఉన్న తావుకు మాత్రం హోప్ కాలేజీ అన్న పేరు నిలిచిపోయింది. కాలేజీ లేకపోయినా కండక్టర్లు ఆ స్టాపును ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. 2025 అక్టోబరులో ఆ రోడ్డు మీద 10 కిలోమీటర్ల పొడవున కట్టిన వంతెనను ప్రారంభించి, దానికి తమిళనాడు ప్రభుత్వం జి.డి. నాయుడు పేరు పెట్టింది. ఆ వంతెన హోప్ కాలేజీ స్టాపు మీదుగానే పోతుంది.